నాన్న చూస్తే ఎగుమతే

ఇండియాలో మా ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకోడానికి నిన్న సాయంత్రం కంపెనీ అనుమతి చేతికొచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

అమెరికాలో చిప్ డిజైన్ చేస్తాను, హెచ్1బీ మీద. ఇక్కడ పక్క సీటువాడు నాకు కంట్రోల్డ్ టెక్నాలజీ, అంటే ఎగుమతి మీద ప్రభుత్వ నియంత్రణ ఉన్న సాంకేతికత, చూపిస్తే అది ఇండియాకు ఎగుమతి చేసినట్టే లెక్క. 'డీమ్డ్ ఎక్స్‌పోర్ట్' అంటారు. దానికి లైసెన్స్ కావాలో అక్కర్లేదో హెచ్1బీ కోసం పెట్టే ఐ-129 పిటిషన్ ఆరో భాగంలో కంపెనీ రాసివ్వాలి. ఆ గొడవ వీసా అప్పుడే తీరింది.

ఇప్పుడు మూడు వారాలు ఇంటికెళ్ళి, అక్కడి నుంచే లాగిన్ అవుతానన్నాను. మేనేజరు సరేనన్నాడు. ఫారం పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత కంప్లయన్స్ (కంపెనీ రూల్స్ తప్పకుండా చూసే విభాగం) ఆవిడతో వీడియో కాల్, మేనేజరు ముందే.

"లాప్‌టాప్ ఏ గదిలో పెడతారు?"

"పడగ్గదిలో."

"ఆ గదిలోకి ఎవరొస్తారు?"

"మా నాన్నగారు. రిటైర్డ్ ఇంజనీరు."

అక్కడ బుక్కయ్యాను. "అయితే స్క్రీన్ మీద సర్క్యూట్ చూస్తే ఆయనకు అర్థమవుతుందా?"

మేనేజరు కెమెరా ఆపేశాడు, నవ్వుకోడానికే అయ్యుంటుంది. వాట్సాప్‌లో ఫొటో పంపాలన్నా నన్నే పిలిచే మనిషని ఎలా చెప్పను? "ఆయన సివిల్ అండీ" అన్నాను. ఆవిడ టకటకా టైపు చేసుకుంది.

రాత్రి రూల్స్ తిరగేశాను. ఆవిడ అడిగింది సబబే. విదేశీయుడు కళ్ళతో చూసి టెక్నాలజీ గ్రహించగలిగితే అదీ 'రిలీజ్' కిందే, అంటే టెక్నాలజీ అతని చేతికిచ్చినట్టే లెక్క.

నాకు మండేది వేరే. ఎన్విడియా ఏఐ చిప్‌లైన ఏ100, హెచ్100లను లైసెన్స్ లేకుండా చైనాకు పంపకూడదని అమెరికా 2022లోనే ఆంక్షలు పెట్టింది. అవే చిప్‌లు ఇంకో దేశపు డేటా సెంటర్‌లో ఉంటే మాత్రం చైనా కంపెనీ గంటల లెక్కన అద్దెకు తీసుకోవచ్చు. 2018 నాటి అమెరికా ఎగుమతి నియంత్రణ చట్టం పట్టించుకునేది సరుకు చేతులు మారడాన్నే, దూరం నుంచి వాడుకోవడాన్ని కాదు. ఈ సందు మూయడానికి తెచ్చిన రిమోట్ యాక్సెస్ సెక్యూరిటీ బిల్లును ప్రతినిధుల సభ 2024లో ఆమోదించినా సెనేట్ దాటలేదు. 2026 జనవరిలో సభ మళ్ళీ ఆమోదించింది. ఆ చట్టం రానివ్వండి, నేనేం వద్దనను. వేల చిప్‌లు అద్దెకు తీసుకునేవాళ్ళని వదిలేసి మా నాన్న బ్రాంచి ఏంటని అడగడమే ఒళ్ళు మండిస్తోంది.

మీకూ ఈ అవసరం పడితే టికెట్ కొనకముందే అడగండి. కాల్‌కి ఒప్పుకోకండి, ప్రశ్నలు మెయిల్‌లో పంపమనండి. ఇలాంటివి రాతలో అడగడానికి వాళ్ళకీ మొహమాటమే. ఇంట్లో ఇంజనీరుంటే బ్రాంచితో సహా చెప్పండి.

నాకిచ్చిన షరతులు: వర్చువల్ డెస్క్‌టాప్ (ఫైళ్ళన్నీ కంపెనీ సర్వర్‌లోనే, నా దగ్గర తెర మాత్రమే) తప్ప ఇంకేదీ వాడకూడదు, డౌన్‌లోడ్ లేదు, కాపీ-పేస్ట్ లేదు, పని చేసేటప్పుడు గది తలుపు గడియ వేసుండాలి.

ఆ గది గడియ ఊడిపోయి ఏళ్ళయింది. కొత్తది వేయించమని నాన్నకు ఫోన్ చేశాను. "ఎందుకురా?" అన్నారు.