గ్రాఫ్ట్ అతుకు దగ్గర నెత్తురు నడక

శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ విశాఖకు గుండె ఆపరేషన్‌కి వచ్చినవాళ్ల బంధువులు వార్డు బయట డాక్టర్‌ని అడిగే మొదటి మాట, "ఎన్ని బైపాసులేసేరు సార్?" మూడంటే మూడు, నాలుగంటే నాలుగు. ఆ లెక్క అవసరమే. కానీ వేసిన గ్రాఫ్ట్, అంటే అడ్డుని దాటించి నెత్తురు పోవడానికి కుట్టిన సిర లేదా ధమని ముక్క, ఎన్నేళ్లు తెరిచి ఉంటుందన్నదాంట్లో పెద్ద వాటా దాని చివరనున్న అతుకుది, అంటే దాన్ని అసలు ధమనికి కుట్టిన చోటుది. ఆ అతుకు పొడవు సాధారణంగా సెంటీమీటరు కూడా ఉండదు.

చాలా అతుకులు ఎండ్-టు-సైడ్ (కొసని పక్కగోడకి కుట్టే) రకం. గ్రాఫ్ట్ కొసని ఏటవాలుగా కోసి, ధమని పక్కగోడలో పెట్టిన చీలికకి కుడతారు. చూడటానికి బూటులా ఉంటుంది గనక వెనక మూలని హీల్ అనీ, ముందు కొసని టో అనీ, గ్రాఫ్ట్‌కి ఎదురుగా ఉన్న ధమని అడుగుగోడని ఫ్లోర్ అనీ అంటారు. నెలలు, ఏళ్లు గడిచేకొద్దీ ధమని లోపొర మందమెక్కేది ముఖ్యంగా హీల్, టో, ఫ్లోర్ దగ్గరే, కుట్టు గీత వెంబడే. మిగతా గోడ చాలావరకు బాగానే ఉంటుంది. కేవలం ఒంటి తత్వమే కారణమైతే ఇలా చోటు ఎంచుకుని పెరగదు.

గ్రాఫ్ట్‌లోంచి వచ్చిన ధార నేరుగా ఫ్లోర్‌ని తాకుతుంది. తాకినచోట వేగం సున్నా అవుతుంది. అక్కణ్ణుంచి కొంత ముందుకు పోతుంది, కొంత వెనక్కి తిరిగి హీల్ మూలలో సుడి కడుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ తాకే చోటు ముందుకీ వెనక్కీ జరుగుతుంది గనక, ఫ్లోర్ మీది కణాలకి పారే నెత్తురు రాపిడి ఒకసారి ఇటు, ఒకసారి అటు తగులుతుంది. టో దాటగానే ధార లోపలి గోడని వదిలేస్తుంది, అక్కడ నెత్తురు మందగిస్తుంది. ధమని లోపొర కణాలు 1 నుంచి 2 పాస్కల్ దాకా ఒకే దిక్కున వచ్చే రాపిడికి అలవాటు పడ్డవి. అది 0.4 పాస్కల్ కంటే తగ్గినా, దిక్కు మారుతూ ఉన్నా, కింది కండర కణాలు పెరగడం మొదలుపెడతాయి.

ఇలాంటిదే విశాఖ తీరంలోనూ చూశాం. పోర్టు ఔటర్ హార్బర్ గట్లు తీరం వెంబడి ఉత్తరానికి పోయే ఇసుకని అడ్డుకున్నాక ఆర్కే బీచ్ కోతకి గురైంది. పోర్టు డ్రెడ్జర్‌తో ఇసుక తెచ్చి పోయాల్సి వచ్చింది. ప్రవాహాన్ని ఒకచోట మారిస్తే ఫలితం ఇంకోచోట తేలుతుంది. అయితే ధమనిలో వచ్చి పేరుకునేది బయటి ఇసుక కాదు, గోడే పెరుగుతుంది. అందుకే దాన్ని తవ్వి పోయడం కుదరదు.

ఇక కోణం. గ్రాఫ్ట్ వ్యాసాన్ని చీలిక పొడవుతో భాగిస్తే కోణం సైన్ విలువ వస్తుంది. గ్రాఫ్ట్‌గా వాడే 4 మి.మీ. కాలి సిరకి 8 మి.మీ. చీలిక పెడితే 30 డిగ్రీలు, 6 మి.మీ. పెడితే సుమారు 42, 4.5 మి.మీ. అయితే 63. కోణం పెరిగేకొద్దీ ఫ్లోర్ మీద దెబ్బ, హీల్ దగ్గర సుడి రెండూ పెరుగుతాయి. 30-45 మధ్య ఉంచడం మంచిది. చీలిక మరీ పొడవైతే అతుకు పైకప్పు ఉబ్బి, లోపల నెత్తురు నెమ్మదిస్తుంది.

నా మటుకు నాకు కోణానికి ఇచ్చేంత శ్రద్ధ వ్యాసానికి ఇవ్వడం లేదనిపిస్తుంది. గోడ మీది రాపిడి వ్యాసార్ధం ఘనానికి విలోమంగా మారుతుంది. నిమిషానికి 50 మి.లీ. ప్రవాహం, 3.5 మిల్లీపాస్కల్-సెకను చిక్కదనం అనుకుని, తిన్నని గొట్టానికి లెక్కేస్తే: 2 మి.మీ. ధమనిలో 3.7 పాస్కల్, 3 మి.మీ. సిరలో 1.1, 4 మి.మీ. సిరలో 0.46. ఉబ్బిన 6 మి.మీ. సిరలోనైతే 0.14 మాత్రమే. కాలి సిర వెడల్పు ఎక్కువైతే అతుకు ఎంత అందంగా కుట్టినా గొట్టం పొడుగునా రాపిడి చాలదు. ఛాతీ లోపలి ధమని 2 మి.మీ. చుట్టూ ఉండి గుండె ముందరి ధమనికి సరిపోతుంది. పదేళ్ల తర్వాత కూడా నూటికి 90 దాకా తెరిచి ఉండటానికి ఇదొక కారణం, దాని లోపొర తయారుచేసే, నాళాన్ని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ మరో కారణం. కానీ అసలు ధమనిలో అడ్డు సగమే ఉంటే రెండు దిక్కుల నుంచీ నెత్తురు తోసుకుని, ఈ ధమని దారంలా సన్నబడిపోతుంది. ప్రెషర్ వైర్‌తో కొలిచిన ఎఫ్ఎఫ్ఆర్ (అడ్డుకి ముందున్న ఒత్తిడిలో అడ్డు దాటాక మిగిలే వంతు) 0.80 కంటే పైనున్న ధమనికి దీన్ని కలిపే ముందు గట్టిగా ఆలోచించాలి.

కుట్టులో తప్పులు ఎక్కువగా టో దగ్గరే. 7-0 ప్రొలీన్ అనే సన్నటి దారంతో అక్కడ ఒక్క కుట్టు లోతుగా పడినా, చివర దారం బలంగా లాగినా సంచి మూతిలా ముడుచుకుంటుంది. ముడి వేసేముందు 1.5 మి.మీ. ప్రోబ్ (సన్నటి కడ్డీ) టోలోంచి కిందికి సాఫీగా దిగాలి. గుండె ఖాళీగా ఉండగా గ్రాఫ్ట్ పొడవు కొలిస్తే, నిండాక అది లాగబడి హీల్ దగ్గర మడత పడుతుంది. సిర మెలిపడకుండా పొడుగునా సిరా గీత పెట్టుకోవాలి. సిర లోపలి కవాటాలు నెత్తురుకి అడ్డురాకుండా దాన్ని తిరగేసి పెట్టాలి. ఛాతీ మూసేముందు ఫ్లో మీటర్‌లో ప్రవాహం నిమిషానికి 20 మి.లీ. కంటే తక్కువ ఉండి, పల్సటిలిటీ ఇండెక్స్ (ప్రతి కొట్టుకీ ప్రవాహం ఎంత ఎగిసిపడుతుందో చెప్పే అంకె) 5 దాటితే, ముందు బీపీ పెంచి మళ్లీ కొలవాలి. అప్పటికీ మారకపోతే అతుకు విప్పి చూడటమే.

కాలి ధమనులకి వేసే బైపాసులోనూ ఇదే సమస్య. మోకాలి కింద 6 మి.మీ. పీటీఎఫ్ఈ (ఒకరకం ప్లాస్టిక్) గొట్టాన్ని ధమనికి నేరుగా కుడితే గట్టిదనంలో తేడా వల్ల కుట్టు దగ్గర ఒత్తిడి పెరుగుతుంది. మధ్యలో సొంత సిర ముక్కతో పట్టీ వేయడం మిల్లర్ అనే సర్జన్ 1984లో చెప్పిన కఫ్. టేలర్ అనే మరో సర్జన్ 1992లో సిర ప్యాచ్ (అతుకు మీద సిర ముక్కని మాటు వేసే) పద్ధతి చెప్పాడు. ట్రయల్స్‌లో కొన్నిచోట్ల మేలు కనబడింది, కొన్నిచోట్ల తేడా లేదు. కాలికి సొంత సిరే దొరికితే ఈ చర్చ అక్కర్లేదు. అప్పుడు చేయాల్సింది డూప్లెక్స్ స్కాన్ (నెత్తురు వేగం కొలిచే అల్ట్రాసౌండ్). గ్రాఫ్ట్ పొడుగునా తీసి, అతుకు దగ్గర వేగం సెకనుకి 300 సెం.మీ. దాటినా, పై భాగంతో పోలిస్తే 3.5 రెట్లు మించినా, కాలు నొప్పి మొదలయ్యేదాకా ఆగకుండా సర్జన్‌కి చూపించాలి.