అటక మీద ఫ్లాపీల డబ్బా

పొద్దున్నే అమ్మ అటక సర్దమంది, పాత సామాన్లవాడు మా వీధికి ఆదివారాలే వస్తాడు కదా. పైకెక్కితే పాత సీపీయూ, దాని పక్కన ఫ్లాపీల (పెన్ డ్రైవ్ లు రాకముందు వాడిన పల్చటి డిస్కులు) డబ్బా. ఇంకేముంది, సర్దుడు అక్కడితో సరి.

ఏడు ఫ్లాపీలున్నాయి, ఒకదానిమీద నా చేతిరాతతోనే "లినక్స్ బూట్, చెరపొద్దు" అని ఉంది. బీటెక్ రోజులది. మా కంప్యూటర్ సీడీ నుంచి బూట్ అయ్యేది, అంటే స్టార్ట్ అయ్యేది కాదు, రెడ్ హ్యాట్ (విండోస్ లాంటి లినక్స్ సిస్టమ్ లో ఒక రకం) వేసుకోవాలంటే ముందు బూట్ ఫ్లాపీ కావాల్సిందే. నేనేం చేశానంటే సీడీలోని బూట్.ఐఎంజీ ఫైల్ ని (ఫ్లాపీ మొత్తానికీ అచ్చు నకలు, దాన్నే ఇమేజ్ అంటారు) మామూలుగా ఫ్లాపీలోకి కాపీ కొట్టబోయాను, చోటు లేదు పొమ్మంది, ఫ్లాపీ పాడైందనుకుని షాపుకెళ్ళి ఇంకోటి కొనుక్కొచ్చా, అదీ అదే మాట! అసలు లెక్కేంటంటే ఫ్లాపీ మొత్తం 2880 సెక్టార్లు (డేటా రాసే చిన్న చిన్న గళ్ళు), ఒక్కోటి 512 బైట్లు, అంటే 14,74,560 బైట్లు, ఇమేజ్ కూడా సరిగ్గా అంతే. కానీ ఫార్మాట్ చేసిన ఫ్లాపీలో బూట్ సెక్టారుకీ ఏ ఫైలు ఎక్కడుందో రాసుకునే ఫ్యాట్ టేబుళ్ళకీ డైరెక్టరీకీ కలిపి 33 సెక్టార్లు పోతాయి, ఇక ఎక్కడ పడుతుంది.

చివరికి ఒక సీనియర్ చెప్పాడు, అదే సీడీలో డాస్‌యుటిల్స్ ఫోల్డర్లో ఇమేజ్ ని ఫ్లాపీకెక్కించే రారైట్ అనే ప్రోగ్రాం ఉంది చూడరా అని. నల్ల స్క్రీన్ మీద ఇమేజ్ పేరేంటి అంటుంది, ఏ డ్రైవ్ అంటుంది, ఫ్లాపీ పెట్టి ఎంటర్ కొట్టు అంటుంది, అంతే పాపం. ఫైళ్ళూ గీళ్ళూ పట్టించుకోకుండా మొదటి సెక్టార్ నుంచి వరసగా రాసుకుంటూ పోతుంది. అందుకే మధ్యలో ఒక్క సెక్టార్ చెడిపోయినా మొత్తం గోవిందా, మామూలు ఫైలైతే ఫార్మాట్ లో చెడ్డదని గుర్తు పెట్టిన చోటు వదిలేసి పక్కకి పోతుంది గానీ ఇమేజ్ కి ఆ వీల్లేదు.

ఈరోజు యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ పెట్టి, ఆ పాత సీపీయూ కోసం ఫ్రీడాస్ (పాత డాస్ లాంటి ఉచిత సిస్టమ్) బూట్ ఇమేజ్ రాద్దామని లినక్స్ లో డీడీ అనే కాపీ కమాండ్ తో కూర్చున్నా. రారైట్ లా ఇది ఏమీ అడగదు, ఎక్కడ రాయాలో చెప్పే ఓఎఫ్ దగ్గర ఒక్క అక్షరం తప్పు కొడితే హార్డ్ డిస్కే ఎగిరిపోతుంది, మూడుసార్లు చూసుకుని గానీ ఎంటర్ నొక్కలేదు. గర్ గర్ మని కాసేపు తిరిగి ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్. రెండోదీ అంతే. అలా ఆరూ పోయాయి.

మిగిలింది "చెరపొద్దు" ఒక్కటే. మూల ఉన్న చిన్న ప్లాస్టిక్ బిళ్ళ జరిపి, రైట్ ప్రొటెక్ట్ చేసి (ఇక దానిమీద ఏదీ రాయడం కుదరదు), ఈసారి డీడీని తిరగేసి ఫ్లాపీ నుంచి ఫైల్లోకి చదివించా. 2880+0 రికార్డులు! ఒక్క సెక్టార్ కూడా పోలేదు, ఇన్నేళ్ళ తర్వాత. కాపీ ఉంది కదా, ఇప్పుడు దీనిమీద ఫ్రీడాస్ రాసుకోవచ్చు, కానీ చెయ్యి రాలేదు, బిళ్ళ అలాగే ఉంచేశా.

కింద నుంచి అమ్మ కేకేసింది, సామాన్లవాడు వచ్చి వెళ్ళిపోయి గంటైందట.