హోమింగ్‌లో ఆగని ఎక్స్ యాక్సిస్: సెన్సర్‌లో లైటు వెలుగుతూనే ఉంది

శనివారం

నా సీఎన్‌సీ యంత్రంలో (కంప్యూటర్ ఆదేశాలతో పనిముట్టును కదిలించి కోసేది) ఎక్స్ యాక్సిస్ మళ్లీ మొండికేసింది. హోమింగ్ (ప్రతి యాక్సిస్ చివర ఉన్న సెన్సర్ దాకా వెళ్లి తన మొదలు చోటు వెతుక్కోవడం) కొడితే జెడ్ మామూలుగానే పైకి వెళ్లి ఆగుతోంది. తర్వాత ఎక్స్, వై రెండూ కలిసి బయల్దేరుతాయి కదా, వై తన చోట ఆగుతోంది. ఎక్స్ మాత్రం సెన్సర్‌ని పట్టించుకోకుండా వెళ్లి ఫ్రేమును గుద్దుకుని అక్కడే గరగరలాడుతోంది. రీసెట్ నొక్కకుండా వదిలేస్తే చాలాసేపటికి అలారం 9 వస్తోంది, అంటే స్విచ్ దొరకలేదని. పోనీ ప్రతిసారీ ఇంతేనా అంటే కాదు, మధ్యలో ఒకసారి బుద్ధిగా ఆగుతుంది. అప్పుడప్పుడూ వచ్చే ఇలాంటి తేడాలతోనే అసలు తలనొప్పి.

అలారం అంత ఆలస్యంగా ఎందుకొస్తుందంటే, కంట్రోలర్‌లో ఉన్నది జీఆర్‌బీఎల్ 1.1, అంటే మోటార్లను నడిపే సాఫ్ట్‌వేర్. దాని సెట్టింగులన్నీ $ గుర్తుతో మొదలవుతాయి. అది $130లో ఇచ్చిన ప్రయాణ దూరానికి ఒకటిన్నర రెట్లు వెతికాక గానీ వదలదు. నాది 300 మి.మీ., అంటే 450 మి.మీ. వెతుకుతుంది. వెతికే వేగం $25 నిమిషానికి 500 మి.మీ. ఉంది కాబట్టి మొత్తం 54 సెకన్లు. స్టెప్పర్ మోటారు దీనికి కాలిపోదు గానీ వినేవాళ్లకు మాత్రం ప్రాణం పోతుంది. ఈ లోపం ఎక్కడుందో వెతికినన్నాళ్లూ $25 సగానికి తగ్గించి పెట్టుకున్నాను, గుద్దుకున్నా దెబ్బ తక్కువ తగులుతుందని.

ఇలాంటివి రాగానే అందరూ చెప్పే మాట ‘నాయిస్’, అంటే పక్క వైర్ల నుంచి సిగ్నల్‌లోకి చొరబడే విద్యుత్ అలజడి. స్పిండిల్ (కోసే పనిముట్టును తిప్పే మోటారు) వైరు దూరంగా పెట్టు, కెపాసిటర్ వెయ్యి అంటారు. ఇక్కడ అది కుదరదనిపించింది. మామూలుగా నాయిస్ వల్ల లేని సిగ్నల్ వస్తుంది, యాక్సిస్ గాల్లోనే మధ్యలో ఆగిపోతుంది. నా దగ్గర జరుగుతున్నది దానికి తలకిందులు: రావాల్సిన సిగ్నల్ రావడం లేదు. పైగా హోమింగ్ చేసేటప్పుడు స్పిండిల్ ఆపే ఉంటుంది.

సెన్సర్ ఎల్‌జే12ఏ3-4-జెడ్/బీఎక్స్. లోహం దగ్గరికొస్తే పనిచేసే ఇండక్టివ్ రకం, ఎన్‌పీఎన్, నార్మల్లీ ఓపెన్, అంటే లోహం కనబడినప్పుడే సిగ్నల్ వైరును మైనస్‌కి లాగుతుంది. హార్డ్ లిమిట్స్ ($21, సెన్సర్ ట్రిగ్గర్ కాగానే యంత్రాన్ని ఆపేసేది) ఆపి పెట్టి, గాంట్రీని (కదిలే చట్రాన్ని) హోమ్ వైపు చివరికి జాగ్ చేసి, అంటే ఆదేశమిచ్చి జరిపి, సెన్సర్ మూతి ముందు స్పానర్ పెట్టాను. వెనక ఉన్న ఎర్ర లైటు వెంటనే వెలిగింది. సెన్సర్ బతికే ఉందన్నమాట. అదే సమయంలో కంట్రోలర్‌కి ప్రశ్నార్థకం పంపి స్టేటస్ చూస్తే, ట్రిగ్గర్ అయిన పిన్నులు చూపించే ‘పీఎన్’ అన్న భాగమే లేదు. గాంట్రీని బల్ల మధ్యకు తెచ్చి మళ్లీ స్పానర్ పెడితే లైటూ వెలిగింది, ‘పీఎన్: ఎక్స్’ కూడా వచ్చింది.

చాలామంది మోసపోయేది ఆ లైటు దగ్గరే. గోధుమ వైరులో ప్లస్, నీలం వైరులో మైనస్ అందితే చాలు, లోహం కనబడగానే అది వెలుగుతుంది. సిగ్నల్ మోసుకెళ్లేది నల్ల వైరు. ఆ వైరు సగంలో తెగినా లైటుకు ఆ సంగతే తెలియదు. బోర్డు పిన్ను దగ్గర మల్టీమీటర్ పెడితే, లైటు వెలిగినప్పుడు సున్నాకు దగ్గరగా పడిపోవాల్సిన వోల్టేజి, గాంట్రీ చివర్లో ఉన్నప్పుడు 5 వోల్టుల దగ్గరే నిలబడి ఉంది.

ఆదివారం

పవర్ తీసేసి, రెండు వైపులా కనెక్టర్లు ఊడదీసి, మీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి నల్ల వైరు రెండు కొసలకూ పట్టించాను. గాంట్రీ మధ్యలో ఉంటే బీప్ ఆగకుండా మోగుతోంది. చేత్తో హోమ్ వైపు నెట్టుకుంటూ పోతే చివరి రెండు మూడు అంగుళాల్లో తెగి తెగి మోగి, ఆపైన పూర్తిగా మూగబోయింది. డ్రాగ్ చెయిన్ (కదిలే వైర్లను మోసే గొలుసు) వంపు సరిగ్గా అప్పుడే ఆ భాగం మీదికి వస్తోంది.

చెయిన్ విప్పి చూస్తే వైరు పైకి చెక్కుచెదరలేదు. వేళ్లతో తడుముతూ వెళ్తే ఒకచోట మాత్రం లోపల ఏమీ లేనట్టు మెత్తగా వంగింది. అక్కడ ఇన్సులేషన్ కోసి చూస్తే రాగి పోగులన్నీ పుటుక్కున తెగి, కొసలు నల్లబడి ఉన్నాయి. వైరు తిన్నగా ఉంటే కొసలు ఒకదానికొకటి ఆనుకుంటున్నాయి, వంగితే విడిపోతున్నాయి. లావు పోగులు తక్కువగా ఉన్న మామూలు కేబుల్‌ని రోజంతా వంగే చోట వేస్తే ఎప్పటికైనా ఇంతే.

తర్వాతి వారాంతం

సన్న పోగులు ఎక్కువున్న ఫ్లెక్సిబుల్ కేబుల్ వేశాను. కదిలే కేబుల్‌కి వంపు వ్యాసార్థం దాని మందానికి పది రెట్లు ఉండాలని చూసుకుంటాను. చెయిన్ రెండు చివర్లలో టై కట్టాను, లోపల మాత్రం కాస్త వదులుగా వదిలాను, బిగుతుగా లాగితే లోపలి మలుపుకు ఒరుసుకుంటుంది. స్పిండిల్ వైరును ఈ చెయిన్‌లోంచి తీసేశాను.

పనిలో పనిగా టార్గెట్ (సెన్సర్ పసిగట్టే లోహం) కూడా మార్చాను. ఇన్నాళ్లూ సెన్సర్ అల్యూమినియం బ్రాకెట్‌నే చూస్తోంది. ఇది పసిగట్టే దూరం 4 మి.మీ. అన్న లెక్క ఇనుముకు ఇచ్చింది, అల్యూమినియానికి అందులో సగం కూడా రాదు. అందుకని చిన్న ఉక్కు ముక్క బిగించాను. బిగించగానే కొత్త గోల: ఎక్స్ చక్కగా ఆగుతోంది, వెనక్కి జరుగుతోంది, వెంటనే అలారం 8. వెనక్కి వచ్చినా స్విచ్ వదల్లేదని దాని అర్థం. ఇండక్టివ్ సెన్సర్ ఆన్ అయ్యే చోటా ఆఫ్ అయ్యే చోటా ఒకటి కాదు. నా ముక్క సెన్సర్ ముందు పక్కగా జారుతూ వస్తుంది కాబట్టి ఆ తేడా ఇంకాస్త సాగుతోంది. $27లో ఉన్న 1 మి.మీ. పుల్ ఆఫ్ (స్విచ్ తాకాక వెనక్కి జరిగే దూరం) దానికి చాలలేదు. 3 చేస్తే ఆ అలారం పోయింది. డయల్ ఇండికేటర్ (సన్నని కదలికను ముల్లుతో కొలిచే పరికరం) పెట్టి హోమింగ్ మళ్లీ మళ్లీ చేయిస్తే ముల్లు 0.02 మి.మీ. లోపే తిరిగి వస్తోంది. రెండోసారి నెమ్మదిగా తాకే వేగం $24ని 25 దగ్గరే ఉంచాను.

ఇక పెద్ద మార్పు. నార్మల్లీ ఓపెన్ సెన్సర్లు తీసేసి మూడు యాక్సిస్‌లకూ నార్మల్లీ క్లోజ్డ్ (చివర బీఎక్స్ బదులు ఏఎక్స్ ఉండేవి) పెట్టాను. ఇవి మామూలప్పుడు పిన్నును కిందికి లాగి ఉంచుతాయి, లోహం కనబడితే వదిలేస్తాయి. వైరు తెగినా, సెన్సర్‌కి పవర్ పోయినా పిన్ను పైకే వెళ్తుంది, కంట్రోలర్ ట్రిగ్గర్ అయిందనుకుని కదలకుండా మొరాయిస్తుంది. అదే కావాలి నాకు. నల్ల వైరు నీలం వైరుకు షార్ట్ అయితే మాత్రం ఇదీ పట్టుకోలేదు. పిన్ను పైకి వెళ్తేనే ట్రిగ్గర్ అని కంట్రోలర్‌కి చెప్పడానికి $5ని 1 చేయాలి, అది మూడు యాక్సిస్‌లకూ కలిపి ఒకటే సెట్టింగ్, అందుకే ఒక్కదాన్నే మార్చి ఊరుకోలేం. సెన్సర్‌కి ఇచ్చేది 12 వోల్టులు, బోర్డు పిన్ను 5 వోల్టులది. కొన్ని సెన్సర్లలో లోపలే పుల్ అప్ (సిగ్నల్‌ని ప్లస్ వైపు లాగే రెసిస్టర్) ఉండి నల్ల వైరు మీద 12 కనబడుతుంది. కలిపే ముందు మీటర్ పెట్టి చూసుకోవాలి. ఆ 12 పిన్నుకు చేరకుండా నేను ఒక్కో సిగ్నల్‌లో ఒక షాట్కీ డయోడ్ (కరెంటును ఒకే వైపు పోనిచ్చేది) వేశాను, గీత ఉన్న కొస సెన్సర్ వైపు.

ఎక్స్ కనెక్టర్ ఊడదీసి స్టేటస్ అడిగితే వెంటనే ‘పీఎన్: ఎక్స్’ వచ్చింది. వై, జెడ్ కూడా అలాగే. హార్డ్ లిమిట్స్ మళ్లీ ఆన్ చేశాను. జెడ్‌కి ఇంకా పాత కేబులే ఉంది, దాన్ని మార్చాలి. స్పిండిల్ తిరుగుతున్నప్పుడు ఊరికే అలారం 1 (హార్డ్ లిమిట్ తగిలిందని) వస్తే అప్పుడు వేద్దామని 4.7 కిలో ఓమ్స్ పుల్ అప్, 100 నానో ఫ్యారడ్ కెపాసిటర్ పక్కన పెట్టుకున్నాను. ఇప్పటిదాకా వాటి అవసరం రాలేదు.