బ్యాంకాక్ బజార్లలో మా అత్తయ్య బేరాలు

బ్యాంకాక్ వెళ్ళొచ్చిన వాళ్ళు గుళ్ళ ఫోటోలు, సముద్రం ఫోటోలు బోల్డు పెడతారు గానీ అక్కడి బజార్లు ఎంత సరదాగా ఉంటాయో ఎవరూ వివరంగా చెప్పరు, అందుకే నేను ఆ ముక్కే చెప్తాను. మేం వెళ్ళింది మా అత్తయ్యతో. ఆవిడది రాజమండ్రి, తాడితోట బట్టల మార్కెట్లో చాలా కొట్లవాళ్ళకి ఆవిడ బాగా తెలుసు, ఆవిడొస్తుంటే ఇవాళ గంట పని ఉందని వాళ్ళకి ముందే అర్థమైపోతుంది. బేరం ఆడటం ఒక కళ అని నేను గట్టిగా నమ్ముతాను, ఆ కళ నేను నేర్చుకుంది ఆవిడ దగ్గరే. అలాంటి మనిషిని భాష అస్సలు తెలియని ఊళ్ళో వదిలితే ఏం జరుగుతుందా అని మా ఆయనకి కొంచెం బెంగ, నాకు మాత్రం భలే ఉత్సాహం.

ముందు ప్రతునామ్ వెళ్ళాం. అది బట్టల హోల్‌సేల్ ఏరియా, ప్లాటినం మాల్ కూడా అక్కడే. పేరుకి మాలే గానీ లోపలంతా చిన్న చిన్న గూళ్ళలాంటి షాపులు, అంతస్తుల మీద అంతస్తులు, ఏసీలో పెట్టిన సంత అనుకోండి. అక్కడ చాలా షాపుల్లో ఒక పద్ధతి ఉంది, ఒక్కటి కొంటే ఒక రేటు, మూడు కొంటే హోల్‌సేల్ రేటు. బోర్డు మీద రెండు అంకెలూ రాసి పెట్టేస్తారు. ఇది చూడగానే అత్తయ్య మొహం వెలిగిపోయింది. ఆవిడకి కావలసింది ఒక్క టాప్, మా ఆడపడుచు కూతురి కోసం. అటూ ఇటూ చూసి, పక్క షాపు దగ్గర తెలుగు వినపడిందో లేదో వెళ్ళిపోయి, "ఏవమ్మా ఏ ఊరు మీది, గుంటూరా, మంచిది, ఇదిగో ఈ రంగు నీకు బావుంటుంది, మీ చెల్లికి ఇంకోటి తీసుకో, ముగ్గురం కలిస్తే హోల్‌సేలు" అని ముక్కూమొహం తెలియని ఇద్దరు అక్కచెల్లెళ్ళని పార్టనర్లుగా చేసేసుకుంది! వాళ్ళూ ఎంత హుషారో, ఆ తర్వాత రెండు ఫ్లోర్లు మాతోనే తిరిగారు, వెళ్ళేటప్పుడు ఫోన్ నంబర్లు కూడా ఇచ్చిపుచ్చుకున్నారు.

బేరం సంగతి. బ్యాంకాక్‌లో బేరానికి భాష అక్కర్లేదు, కాలిక్యులేటర్ చాలు. ప్రతి షాపులోనూ పెద్ద పెద్ద బటన్లున్న కాలిక్యులేటర్ ఒకటి ఉంటుంది, అమ్మే అమ్మాయి 350 అని (అక్కడి డబ్బు బాత్‌ల్లో) నొక్కి మనకి చూపిస్తుంది, మనం దాన్ని చెరిపేసి 150 నొక్కి వెనక్కిస్తాం, ఆ పిల్ల గుండె మీద చెయ్యేసుకుని పడిపోతున్నట్టు యాక్షన్ చేసి పకపకా నవ్వి 300 నొక్కుతుంది, అత్తయ్య కూడా గుండె మీద చెయ్యేసుకుని 160 నొక్కుతుంది. నోళ్ళు మాత్రం ఊరుకుంటాయా, ఈవిడ తెలుగులో "అమ్మా, ఈ గుడ్డకి అంతా? రెండు ఉతుకులకి వెలిసిపోదూ" అంటుంది, ఆ అమ్మాయి థాయ్‌లో ఏదో పొడుగ్గా చెబుతుంది, ఇద్దరూ ఒకళ్ళ మాట ఒకళ్ళకి మొత్తం అర్థమైనట్టే తల ఊపుకుంటారు. అక్కడి ఆడవాళ్ళు మర్యాదకి ప్రతి మాట చివరా "ఖా" అని సాగదీస్తారు, మధ్యాహ్నానికల్లా మా అత్తయ్య కూడా "ఎంతమ్మా ఖా", "తగ్గించవే తల్లీ ఖా" అని మొదలెట్టింది. ఆ షాపులవాళ్ళకి అది ఎంత నచ్చిందంటే పక్క షాపుల నుంచి కూడా వచ్చి నిలబడి విన్నారు.

ఇక్కడ నాకు బాగా నచ్చింది ఒకటుంది, ఎంత గట్టి బేరమైనా గొంతు పెరగదు. మన దగ్గర బేరం కాస్త ముదిరితే "కొనే మొహమేనా" దాకా వెళ్తుంది కదా, అక్కడ గొంతు పెంచితే మర్యాద పోయినట్టే. నవ్వుతూ అడిగితే తగ్గిస్తారు, విసుక్కుంటే కాలిక్యులేటర్ లోపల పెట్టేస్తారు. మన అసలు ఆయుధం వద్దనేసి నడిచి వెళ్ళిపోవడం, అది అన్నిచోట్లా పనిచెయ్యదు. కొంతమంది వెనక్కి పిలుస్తారు, కొంతమంది చక్కగా చేతులు జోడించి దణ్ణం పెట్టి సాగనంపుతారు! ఒక బ్యాగ్ దగ్గర అలాగే అయింది. అత్తయ్య మలుపు దాకా వెళ్ళి ఆగి వెనక్కి చూస్తే ఆ పెద్దావిడ ఇంకా నవ్వుతూ చెయ్యి ఊపుతోంది. "ఈవిడ గట్టిది, నాకు నచ్చింది" అని అత్తయ్య తనే వెనక్కెళ్ళి ఆవిడ చెప్పిన రేటుకే కొనేసింది.

మర్నాడు పొద్దున్నే ఇంకో వింత. ప్రతునామ్ వీధిలో షాపు తెరవగానే మొదటి బేరం మాదే, డబ్బులిచ్చాం, ఆ అమ్మాయి ఆ నోట్లు తీసుకుని షాపులో ఉన్న బట్టల మీద టపటపా కొట్టుకుంటూ ఒక చివరి నుంచి ఇంకో చివరికి వెళ్ళింది. మా ఆయన "నోటు దొంగదేమో అని చూస్తోందా" అన్నారు, అత్తయ్య ఒక్క చూపు చూసి "బోణీ రా అబ్బాయ్" అంది. నిజంగా అదే! మన కొట్లలో మొదటి డబ్బు కళ్ళకద్దుకుని గల్లాపెట్టెలో వేసినట్టే అక్కడ మొదటి డబ్బుని సరుకుకి తాకిస్తే ఆ రోజంతా బేరాలు బాగా సాగుతాయని వాళ్ళ నమ్మకం. షాపుల్లో చెయ్యి ఊపి పిలుస్తున్నట్టు ఒక అమ్మవారి బొమ్మ కూడా ఉంటుంది, నాంగ్ క్వాక్ అంటారు, కొనేవాళ్ళని పిలిచే దేవత. బయట చిన్న చిన్న గుళ్ళలాంటివి పెడతారు, వాటి ముందు ఎర్ర ఫాంటా సీసా, అందులో స్ట్రా కూడా వేసి మరీ నైవేద్యం. స్ట్రా వేసి పెట్టడం చూసి నాకు కళ్ళు చెమర్చాయి, దేవుడికి తాగడానికి ఇబ్బంది లేకుండా ఎంత శ్రద్ధో చూడండి. బోణీ సంగతి తెలిశాక ఇంకేముంది, అత్తయ్య రోజూ మమ్మల్ని తెల్లారగట్లే లేపడం, షట్టర్ తీసే టైముకి షాపు ముందుండటం. మొదటి బేరాన్ని వదులుకోవడం వాళ్ళకీ ఇష్టముండదు కాబట్టి నిజంగానే తగ్గిస్తారు, వెళ్ళేవాళ్ళు గుర్తు పెట్టుకోండి.

వీకెండ్‌కి చతుచాక్ సంత. ఇదొక సముద్రం. సుమారు 35 ఎకరాలు, 27 సెక్షన్లు, పదిహేను వేలకి పైగా దుకాణాలు అంటారు, నడిచినవాళ్ళకి ఎవరికీ ఆ లెక్క మీద అనుమానం రాదు. మధ్య ఊళ్ళో సనామ్ లువాంగ్ మైదానంలో జరిగే సంతని 1982లో ఇక్కడికి మార్చారట. బట్టలు, కుండలు, మొక్కలు, పాత జీన్సులు, కుక్కపిల్లలకి గౌన్లు, అన్నీ ఉన్నాయి. కుక్కల గౌన్ల దగ్గర మా అత్తయ్య చాలాసేపు ఆగిపోయింది, ఒక్కోటి కుట్టుపని ఎంత చక్కగా ఉందో తిరగేసి మరీ చూసింది. ఎండకి కొబ్బరి చిప్పలో పెట్టిచ్చే కొబ్బరి ఐస్‌క్రీమ్ తినాలి, అది మాత్రం మానొద్దు. ఏనుగు బొమ్మల ప్యాంట్లు ఎక్కడ చూసినా వేలాడుతూనే ఉంటాయి, ఊళ్ళోకొచ్చిన టూరిస్టుల్లో సగం మంది అవే వేసుకుని తిరుగుతుంటారు. మా ఆయన కొననంటే కొననన్నారు, ఒకటి కొని వేసుకున్నాక ఇంక విప్పలేదు, అంత హాయిగా ఉంటుంది ఆ గుడ్డ.

సాయంత్రం ఆరు కొట్టేసరికి స్పీకర్లలో వాళ్ళ జాతీయ గీతం వచ్చింది. పొద్దున ఎనిమిదికీ, సాయంత్రం ఆరుకీ వేస్తారు. బేరాలు, తోపుడు బండ్లు, ఐస్‌క్రీమ్ తినేవాళ్ళు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మా షాపతను కాలిక్యులేటర్ మీద వేలు పెట్టినవాడు పెట్టినట్టే ఆగిపోయాడు, అత్తయ్య కూడా కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది. పాట అయిపోయిన క్షణంలో అతను 180 నొక్కాడు, ఈవిడ 120 అంది.

పహురాత్ అని బట్టల తానుల వీధి ఉంది, పక్కన బంగారు గుమ్మటంతో గురుద్వారా, సర్దార్జీల షాపులు. హిందీలో బేరం మొదలెట్టేసరికి కాలిక్యులేటర్ పోయింది, దాంతో సగం సరదా కూడా పోయిందని మా అందరి అభిప్రాయం. పెద్ద మాల్స్ కూడా చూశాం. ఐకాన్‌సియామ్‌లో గ్రౌండ్ ఫ్లోర్లో ఏసీలోనే నీళ్ళు, ఆ నీళ్ళల్లో పడవలు, పడవల్లో తిండి అమ్మేవాళ్ళు! చూడటానికి చాలా బావుంది గానీ, పై అంతస్తుల్లో రేటు చీటీ అంటించి ఉన్న వస్తువు చూసి అత్తయ్య "ఇంక మాట్లాడేదేముంది ఇక్కడ" అని బయటికి నడిచింది.

ఇంకోటి, ఎండబెట్టిన మామిడి ముక్కల ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ 2569 అని ఉంటే మా ఆయన "ఐదొందల ఏళ్ళు నిలవుంటుందా, మన ఆవకాయ కూడా ఇన్నేళ్ళుండదే" అన్నారు. అక్కడ బుద్ధుడి శకం, మన లెక్కకి 543 కలపాలి. అంటే అది 2026. బిల్లుల మీద కూడా అలాగే ఉంటుంది, కంగారు పడొద్దు.

చివరికి ఎయిర్‌పోర్ట్. మాల్స్‌లో ఒకే రోజు ఒకే షాపులో 2000 బాత్‌లు లేదా అంతకంటే ఎక్కువకి కొంటే, షాపులోనే పాస్‌పోర్ట్ చూపించి ఫారం తీసుకుంటే, అక్కడి ఏడు శాతం వ్యాట్‌లో చాలావరకు వెనక్కిస్తారు. మేం బ్యాగులు లోపలికి ఇచ్చెయ్యకముందే కస్టమ్స్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. ఆఫీసరమ్మ ఫారం చూసి సామాను చూపించమంది, మా ఆయన కొన్న బూట్లు చూపిస్తే సరిపోయేది. అత్తయ్య ఆగుతుందా, సూట్‌కేస్ మొత్తం తెరిచి, ఇది 350 చెప్తే 180కి తెచ్చాను, ఈ రెండో బ్యాగ్ 500 చెప్తే 220కి తెచ్చాను అని ఒక్కొక్కటీ తీసి, అంకెలు ఫోన్లో కాలిక్యులేటర్ మీద నొక్కి మరీ చూపించింది. ఆఫీసరమ్మ నవ్వాపుకోలేక స్టాంపు వేసి, ఆ 220 బ్యాగ్ ఏ షాపులో కొన్నారో అడిగి రాసుకుంది.