పోటీకి ఆరు రోజుల ముందు: ఎండ, గాలి, నా గ్లైడర్

వచ్చే ఆదివారం మా పోటీ. చేత్తో విసిరే గ్లైడర్లు ఎగరేసేవాళ్ళు దక్షిణాది రాష్ట్రాల నుంచి వస్తున్నారు. కర్ణాటకలో చింతామణి వైపు ఒక ఎండిన చెరువులో జరుగుతుంది. జాబితాలో నా పేరు ఉంది. ఆ పేరు అక్కడికి చేరడానికి ఏడు వారాలు పట్టింది. ఆ మంట ఇంకా ఆరకముందే రాసేస్తున్నాను.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. ఈ గ్లైడర్‌కు మోటారు ఉండదు. రెక్కల పొడవు ఒకటిన్నర మీటరు, బరువు 600 గ్రాములు దాటకూడదు. చాలామందివి 300 గ్రాముల లోపే ఉంటాయి. రెక్క చివర చిన్న పుల్ల ఉంటుంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని, డిస్కస్ విసిరేవాళ్ళలా ఒళ్ళంతా ఒక చుట్టు తిప్పి వదలాలి. నేను విసిరితే ముప్పై అయిదు మీటర్ల ఎత్తు పోతుంది. బాగా చేయి తిరిగినవాళ్ళు యాభై దాటిస్తారు. ఆ తర్వాత దానికి గాలే దిక్కు. కింద మన చేతిలో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది కానీ, అది మలుపులకే పనికొస్తుంది, పైకి లేపదు.

పేరు నమోదు పది నిమిషాల్లో అయిపోయింది. డబ్బు కట్టాను, రసీదు వచ్చింది.

స్థలానికి అనుమతి కాగితం తెచ్చే పని మాత్రం నాకు పడింది. ఆ పల్లెల్లో అందరూ తెలుగే మాట్లాడతారు, నాది కదిరి, కాబట్టి నువ్వే వెళ్ళు అన్నారు మావాళ్ళు. పల్లెలో వాళ్ళు అయిదు నిమిషాల్లో సరే అన్నారు, మజ్జిగ కూడా ఇచ్చారు. తిప్పలన్నీ ఒక ఆఫీసులో. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం విమానాశ్రయాల చుట్టూ 12 కిలోమీటర్ల దాకా ఆంక్షలు ఉంటాయి. ప్రభుత్వ డ్రోన్ మ్యాప్‌లో పచ్చరంగు ఉన్నచోట 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. మా చెరువు పచ్చరంగులోనే ఉంది. ఆ మ్యాప్ ప్రింటు తీసి బల్ల మీద పెట్టాను. అక్కడి అధికారి దాన్ని చూడనే లేదు. గ్లైడర్‌ని అటూ ఇటూ తిప్పి, "కెమెరా ఎక్కడ దాచావు?" అని అడిగాడు. లేదండీ అంటే, "కెమెరా లేకపోతే ఎందుకు ఎగరేస్తారు?" అన్నాడు. నన్ను మూడుసార్లు ఆఫీసు చుట్టూ తిప్పాడు. మూడూ పనిదినాలే, మూడు సెలవులు పోయాయి. మీరు ఎప్పుడైనా వెళ్తే వినతిపత్రం కన్నడలోనే రాయించుకుని వెళ్ళండి, స్థలం బొమ్మ చేత్తో గీసి జత చేయండి, అందినట్టు ముద్ర వేయించుకోకుండా బయటికి రాకండి. తెలియని వస్తువు తెచ్చినవాణ్ణి దొంగలా చూడటం ఏం పద్ధతో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయినా ఆ ఆఫీసు కూడా నన్ను అంతగా కుంగదీయలేదు. కుంగదీసింది మార్చి చివరి ఆదివారం.

ఆ రోజు అదే చెరువులో పోటీకి ఎంపిక. పది నిమిషాల సమయం ఇస్తారు. అందులో ఎన్నిసార్లైనా విసరొచ్చు, అన్నిటికన్నా ఎక్కువసేపు ఎగిరిన అయిదింటినే లెక్కిస్తారు. ఒక్కోదానికి గరిష్ఠంగా రెండు నిమిషాలు. అంటే మొత్తం 600 సెకన్లు. హద్దు గీత బయట దిగితే ఆ విసురుకు సున్నా.

పొద్దున్నే ఫోన్‌లో చూస్తే మధ్యాహ్నానికి 37 డిగ్రీలు అని ఉంది. నాకు ఒళ్ళంతా సంతోషం. ఎండ ఎంత ఎక్కువుంటే గాలి అంత పైకి లేస్తుంది, ఏం విసిరినా పోతుంది అనుకున్నాను. నేను చదివిందంతా అదే చెప్పింది. నేల వేడెక్కుతుంది, నేలను ఆనుకున్న గాలి వేడెక్కి తేలికవుతుంది, బుడగలా లేస్తుంది. దాన్నే థర్మల్ అంటాం. గద్దలు రెక్క ఆడించకుండా చుట్లు తిరిగేది దానిలోనే.

నా వంతు పదకొండుంబావుకు వచ్చింది. మొదటి విసురు 41 సెకన్లు. రెండోది 33. మూడోది 29. గాలి బాగా వీచినప్పుడు చూసి, బలమంతా పెట్టి నాలుగోది విసిరాను. 36. చేతికి చెమట పట్టి అయిదోది జారింది, పక్కనే ఉన్న టమాటా తోటలో పడింది. సున్నా. దాన్ని వెతికి తెచ్చుకునేసరికి సమయం అయిపోయింది. మొత్తం 139.

నా పక్కన నిలబడి ఎగరేసిన అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆమెకు 512.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. గాలి పూర్తిగా నిశ్చలంగా ఉన్నా నా గ్లైడర్ సెకనుకు అరమీటరు చొప్పున దిగుతుంది. ముప్పై అయిదు మీటర్ల నుంచి వదిలితే నిమిషం పైనే ఉండాలి. తెల్లవారుజామున మా ఇంటి దగ్గర మైదానంలో 65, 70 సెకన్లు నేనే కొలిచాను. మరి మంటలు పుట్టే ఎండలో సగమే ఎందుకు వచ్చింది? మలుపులు తిప్పే చిన్న పరికరం, సర్వో, చెడిపోయిందనుకున్నాను. బరువు సమతూకం తప్పిందనుకున్నాను. రెక్క వంగిందేమోనని అందరి ముందూ నేల మీద పెట్టి చూశాను. ఒక సీనియర్ వచ్చి, అందరికీ వినబడేలా, "వస్తువు బాగానే ఉంది, నీకే గాలి తెలియదు. పేరు రిజర్వులో పెడుతున్నాను" అన్నాడు. నా వయసు ముప్పై తొమ్మిది. మా అబ్బాయి నా నీళ్ళ సీసా పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మాట పక్కకు పిలిచి చెప్పి ఉండొచ్చు.

నాకు సంగతి విప్పి చెప్పినవాడు ఆ టమాటా తోట ఆసామి. డెబ్బై ఏళ్ళు దాటి ఉంటాయి. నేను వెళ్ళేసరికే కర్రల మధ్య ఇరుక్కున్న గ్లైడర్‌ని రెక్క విరగకుండా తీసి పట్టుకున్నాడు.

"ఎవరిది నాయనా ఈ పక్షి?"

"నాదే తాతా. చెట్లకేమైనా దెబ్బ తగిలిందా?"

"చెట్లకేం కాలేదులే. పొద్దున్నుంచి చూస్తా ఉండాను. ఆ పాపది పైకి పోతా ఉంది, నీది కిందికొస్తా ఉంది. గాలి ఇసురుగా వచ్చినప్పుడల్లా నువ్వు ఎగరేస్తా ఉండావు."

"గాలి ఉంటేనే కదా తాతా?"

"కాదు నాయనా. రాగులు తూర్పారబట్టేటప్పుడు చూళ్ళేదా? ముందు గాలి నిలబడిపోతాది. వీపు చురుక్కుమంటాది. అప్పుడు చేట ఎత్తుకుని కాసుకోవల్ల. ఆ ఎనకాలే వస్తాది. అది వచ్చేసినాక ఎత్తుకుంటే సగం గాలి దాటిపోయింటాది."

నేను చిన్నప్పుడు కళ్ళంలో మా జేజి పక్కన నిలబడి చూసిన పనే అది. నలభై వేలు పెట్టి గ్లైడర్ కొన్నాను, పుస్తకాలు చదివాను, ఆ చేట మాత్రం గుర్తు రాలేదు.

ఇంటికొచ్చి కూర్చుని ఆలోచిస్తే లెక్క కుదిరింది. థర్మల్ లేచేటప్పుడు నేల దగ్గర ఖాళీ అయిన చోటికి చుట్టూ ఉన్న గాలి పరుగెత్తుతుంది. వేడి బుడగ మనకు గాలి వచ్చే వైపు ఉంటే, ఆ పరుగు గాలికి ఎదురుగా ఉంటుంది. అందుకే గాలి నిలిచిపోయినట్టు అనిపిస్తుంది, ఒళ్ళు వేడెక్కుతుంది. బుడగ మనల్ని దాటి పోయాక అదే పరుగు గాలితో కలుస్తుంది, గాలి జోరు పెరుగుతుంది. నేను విసిరిన ప్రతిసారీ బుడగ నా తల దాటి వెళ్ళిపోయింది. పైకి లేచిన గాలి బదులు పక్కన దిగాల్సిన గాలి ఉంటుంది కదా, నా గ్లైడర్ సరిగ్గా ఆ దిగే గాలిలో పడింది. ఎండ ఎంత మండితే ఆ దిగుడూ అంత గట్టిగా ఉంటుంది. 29 సెకన్లకు కారణం అదే.

ఆ తర్వాత ప్రతి శని, ఆదివారాలు ఆ చెరువులోనే. మా నాన్న పాత క్యాసెట్ ఒకటి విప్పి, అందులో టేపును మూరెడు చొప్పున తెంపి మూడు వెదురు కర్రల చివర కట్టాను. టేపు ఎంత తేలికంటే, ఒంటికి తెలియని గాలి కూడా దానికి తెలుస్తుంది. కర్రలు మూడు దూరందూరంగా పాతితే, మూడు టేపులూ ఒకే చోటు వైపు తిరిగిన క్షణం కనిపిస్తుంది. బుడగ ఆ మధ్యలో ఉన్నట్టు. మొదటిసారి అది చూసినప్పుడు నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గాలిని కంటితో చూసినట్టే.

ఇంకొన్ని నేర్చుకున్నాను. చెరువు మధ్యలో పగుళ్ళిచ్చిన నల్లమట్టి, గట్టు మీద నీలగిరి చెట్ల వరుస. వేడి గాలి నేలను అంటిపెట్టుకుని జారుతూ వచ్చి ఆ చెట్లకు తగిలి లేస్తుంది. సుడిగాలి లేచి మట్టి తిప్పితే ఇంకేం అడగక్కర్లేదు, కానీ సుడి నడుమకు పోతే రెక్క విరుగుతుంది, అంచున తిరగాలి. పొద్దున తొమ్మిదిన్నర దాకా విసరడం దండగ. రాత్రి నేల చల్లబడితే కింద చల్లగాలి, పైన వెచ్చగాలి ఉండి గిన్నెకు మూత పెట్టినట్టు అవుతుంది, ఏదీ పైకి పోదు. ఆ మూత ఎప్పుడు తెరుచుకుంటుందో వాతావరణ శాఖ తెల్లవారుజామున వదిలే బెలూన్ లెక్కలో కనిపిస్తుంది. లేచే గాలి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు చల్లబడుతుంది, చుట్టూ ఉన్నదానికన్నా చల్లనైన చోట ఆగిపోతుంది. లేచే గాలి వేడి ఒక గీత, బెలూన్ కొలిచిన చుట్టూ గాలి వేడి ఒక గీత, ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఫోన్‌లో కనిపించే 37 ఏమీ చెప్పదు.

బెంగళూరువాళ్ళకు మరో మాట. మనం సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నాం. 35 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, మామూలు చలువలో ఆరు వేల అడుగుల ఎత్తున ఉండే గాలి అంత పలుచన. గ్లైడర్ దాదాపు తొమ్మిది శాతం వేగంగా పోతేనే నిలబడుతుంది. నెమ్మదిగా పోనిద్దాం అనుకుంటే జారి పడుతుంది. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. మూసిన కారులో గ్లైడర్ వదిలి టీకి వెళ్ళకండి. నా పాత గ్లైడర్ నల్లటి రెక్క అలాగే మెలిపడింది.

ఏప్రిల్ రెండో వారంలో మళ్ళీ అవకాశం ఇచ్చారు. 447. చెప్పుకుంటాను, ఎందుకు చెప్పుకోకూడదు? అందులో రెండు విసుర్లు పూర్తి 120. రెండోదానికి గద్ద ఒకటి వచ్చి నా గ్లైడర్‌తో పాటే నాలుగు చుట్లు తిరిగింది. మా అబ్బాయి "నాన్నా, దానికి మనదే దారి చూపిస్తోంది" అని అరిచాడు. ఆ సీనియర్ ఏమీ అనలేదు, జాబితాలో పేరు పైకి మార్చాడు.

ఇప్పుడు మిగిలింది ఎదురుచూపు. అదే కష్టంగా ఉంది. ఏప్రిల్ చివర్లో మా వైపు రెండు రకాల రోజులు వస్తాయి. పొడిగా ఉండే రోజు అయితే మధ్యాహ్నం మూడు దాకా బుడగలు వరసగా లేస్తాయి. తేమ పెరిగిన రోజు అయితే రెండింటికే మబ్బులు ఉబ్బి, నీడ పరిచి, నాలుగింటికి ఉరుములతో వాన. మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉంటుందో సులువుగా తెలుస్తుంది. ఉష్ణోగ్రతలో నుంచి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) తీసేసి 125తో గుణిస్తే మీటర్లలో వస్తుంది. పోయిన సోమవారం 35, 15. అంటే 2,500 మీటర్లు. నిన్న 34, 19. 1,875కు దిగింది. రోజూ రాసుకుంటున్నాను, రోజూ దిగుతోంది. శనివారం గట్టి వాన పడిందా, ఆదివారం ఎండంతా తడి ఆరడానికే పోతుంది, బుడగలు పన్నెండు దాటితే గాని లేవవు.

చెన్నై నుంచి వస్తున్న మిత్రుడికి ఫోన్ చేసి ఇదంతా వాపోయాను. మావైపే పుట్టి అక్కడ స్థిరపడినవాడు. "మీకు సాయంత్రం దాకా టైముంది రా. మాకు మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగిందంటే అంతే, చల్లటి గాలి నేలంతా పరుచుకుంటుంది, సర్దుకుని ఇంటికి పోవడమే" అన్నాడు. ఆ మాట కాస్త ధైర్యం ఇచ్చింది.

ఈ ఊళ్ళో అందరూ వాన కోసం చూస్తున్నారు. మా అపార్ట్‌మెంటులో బోరు తగ్గింది, ట్యాంకర్ రోజు విడిచి రోజు వస్తోంది. 2024 ఏప్రిల్ బెంగళూరు అందరికీ గుర్తే. చుక్క లేదు, ఉష్ణోగ్రత 38 దాటింది, బిందెల లైన్లు. అది చూసినవాణ్ణి వాన వద్దని కోరుకోలేను. సోమవారం పడితే బాగుండునని మాత్రం అనుకుంటున్నాను. ఆ మాట మా ఆవిడతో అంటే, "నీళ్ళు మోసేది నువ్వైతే సోమవారం దాకా ఆగు" అంది. ఇవాళ నాలుగు బిందెలు నేనే మోశాను.

సాయంత్రం తాతకు ఫోన్ చేశాను.

"తాతా, అక్కడ మబ్బు ఉందా?"

"తూర్పున లేచింది నాయనా. రాళ్ళ వాన అయితే నా టమాటా పోతాది. మామూలు వాన అయితే రానీ."

"ఆదివారం వస్తున్నాం తాతా."

"రా. నీ కర్రలు ఆడనే పాతి ఉండాయి. ఆవులు తోసేస్తే మళ్ళా నిలబెట్టినాను."

రాత్రి పదకొండయింది. బాల్కనీలో కట్టిన టేపు ముక్క కదలడం లేదు. ఉక్కగా ఉంది. రెక్కలు తెల్ల దుప్పటిలో చుట్టి మంచం కింద పెట్టాను. తెల్లవారి బెలూన్ లెక్క చూడటానికి అలారం పెట్టుకుని పడుకుంటున్నాను.