లోరియాంలో అద్దకం

ఆదివారం గదిలో కూర్చోబుద్ధి కాక, ఇక్కడ ఫ్రాన్సులో, రెన్‌లో రైలెక్కి లోరియాం అనే రేవు ఊరు వెళ్లొచ్చాను. సన్నటి తుంపర. ఇక్కడ దాన్ని ఎవరూ వాన కింద లెక్కేయరు.

ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ కోసం 1666లో వెలిసిన రేవు కదా, పాత మేడలుంటాయనుకున్నాను. ఒక్కటీ కనపడదే! జర్మన్ల సబ్‌మెరైన్ స్థావరం మీదికని 1943లో వేసిన బాంబులకి ఊరు నేలమట్టమైంది. ఆ కాంక్రీటు స్థావరం మాత్రం నిక్షేపంగా ఉంది. మళ్లీ కట్టుకున్న ఊరు మన హౌసింగ్ బోర్డు కాలనీలా ఉంది. నడిబొడ్డున పడవలు కట్టేసే గట్టు పేరు మాత్రం 'కే దెజాంద్', ఇండియాల రేవు.

లాంచీలో అవతలి ఒడ్డుకి, పోర్ట్ లూయీ కోటకి వెళ్లాను. కంపెనీ మ్యూజియం అందులోనే. పింగాణీ సామాను, ఓడల బొమ్మలు చకచకా దాటేసి, అద్దం వెనక మన తూర్పు తీరపు కోరమాండల్ గుడ్డ దగ్గర ఆగిపోయాను. తెల్ల నేల, ఎర్ర పువ్వులు, సన్నటి నల్ల గీత. కలంకారీ ఊరు పెడనలో పుట్టినదాన్ని, ఆ నలుపు నాకు తెలీదా? తుప్పు ఇనుము, బెల్లం కుండలో ఊరేసిన వాసన ముక్కుకి తగిలినట్టే అయింది.

వీటిని ఇక్కడ 'అందియెన్' అనేవారు. జనం ఎంత ఎగబడ్డారంటే, పట్టు, ఉన్ని వ్యాపారుల గోలకి 1686లో రాజు నిషేధం పెట్టాడు. 1759 దాకా ఎత్తలేదు. అయినా దొంగచాటుగా వచ్చేవి వచ్చాయి, తొడిగేవాళ్లు తొడిగారు. ఈలోగా కూర్దూ అనే పాదిరీ, తెలుగు కూడా నేర్చినవాడు, కరక్కాయ నీళ్ల దగ్గర్నుంచి రంగు పని గుట్టంతా 1742లో ఉత్తరం రాసి ఇక్కడికి పంపాడు. పాదిరీ అయితే మాత్రం, ఒకళ్ల చేతిపని గుట్టు అలా రాసి పంపెయ్యడమేనా? నాకు నచ్చలేదు.

తిరుగు లాంచీలో అమ్మకి ఫొటో పంపాను. అయిదు నిమిషాల్లో ఫోను.

"అచ్చు కాదే ఇది, కలంతో గీసింది. చెయ్యి భలే తిరిగినోడు."

"మూడొందల ఏళ్ల నాటిదమ్మా."

"అయితే? అంచు దగ్గర చూడు, ఎరుపు పాకింది. పటిక పెట్టాక ఆరనివ్వకుండా కాలవలో పెట్టేశారు. మీ తాతయ్యయితే ఆ తాను అవతల పడేసేవాడు."

ఫొటో పెద్దది చేసి చూశాను. నిజమే, పాకింది.