చీమని భయపెట్టి కూర్చోబెట్టే ఈగ

ఎర్ర చీమల ఒంట్లో గుడ్లు పెట్టే ఫోరిడ్ అనే బుల్లి ఈగల గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నా. మా పర్లాకిమిడి వైపు పొలం ఉన్నవాళ్లకి ఎర్ర చీమ అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు, గట్టు మీద కాలు పెట్టి కాస్త ఆదమరిచామా చాలు, పిక్కల దాకా ఎక్కేసి అన్నీ ఒక్కసారే కుడతాయి, ఆ మంట సాయంత్రం దాకా వదలదు. మనల్ని కుట్టే ఈ నేల చీమ కూడా పుట్టుకతో మనది కాదు, సొలెనాప్సిస్ జెమినాటా అంటారు, ఎప్పుడో అమెరికా ఖండం నుంచి సరుకులతో పాటు ఓడెక్కి వచ్చి ఇక్కడ స్థిరపడిపోయింది. దీని దాయాది ఇంకోటి ఉంది, సొలెనాప్సిస్ ఇన్విక్టా, అది ఇంతకంటే మొండిది. దక్షిణ అమెరికాలో పరాగ్వే, బ్రెజిల్, అర్జెంటీనా నదుల పక్కన ఉండే చీమ అది, 1930ల్లో ఓడల ద్వారా అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మొబైల్ అనే ఊరి రేవులో దిగింది, అక్కడి నుంచి దక్షిణాది రాష్ట్రాలన్నీ ఆక్రమించేసింది. వరదొస్తే మునిగిపోదు, ఒకదాన్నొకటి పట్టుకుని తెప్పలా తేలుతూ రాణిని, పిల్లల్ని మోసుకుంటూ పోయి ఎక్కడ నేల తగిలితే అక్కడ కొత్త గూడు పెట్టేస్తుంది.

అక్కడి ప్రభుత్వం మొదట ఏం చేసిందంటే మందు కొట్టింది. 1957 నుంచి హెప్టాక్లోర్, డీల్డ్రిన్ లక్షల ఎకరాల మీద చల్లారు, పక్షులు చచ్చాయి, చేపలు చచ్చాయి. తర్వాత మిరెక్స్ అని ఇంకో మందు, మొక్కజొన్న బెండు నూకకి సోయా నూనెలో కలిపి పట్టించి విమానాల్లోంచి చల్లారు, 1978కి వచ్చేసరికి అదీ ఆపేయాల్సి వచ్చింది. ఎలుక ఉందని ఇంటికి నిప్పు పెట్టినట్టే అయింది, ఎందుకంటే ఆ మందుకి ఈ చీమతో పోటీపడే స్థానిక చీమలు కూడా పోయాయి, ఖాళీ అయిన నేలలోకి అందరికంటే ముందు తిరిగొచ్చింది మళ్లీ ఈ ఇన్విక్టానే. దానికి అడ్డు చెప్పేవాళ్లని మనుషులే తీసేసి దారి వదిలారు. నాకు ఈ కథలో అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే.

అప్పుడు సైంటిస్టులకి ఒక ప్రశ్న వచ్చింది, ఇదే చీమ సొంతూళ్లో ఎందుకింత గోల చెయ్యట్లేదని. వెళ్లి గూళ్లు లెక్కపెడితే అక్కడికంటే అమెరికాలో నాలుగైదు రెట్లు పైనే ఉన్నాయి. సొంతూళ్లో దానికి శత్రువులున్నారు, రోగాలున్నాయి, అమెరికాకి ఒంటరిగా వచ్చేసింది కాబట్టి అడిగేవాళ్లు లేరు. ఆ శత్రువుల్లో ఒకటి ఈ ఫోరిడ్ ఈగ, సూడాక్టియాన్ అనే జాతి, అందులో దాదాపు ఇరవై రకాలు ఈ చీమల వెనకాలే పడి బతుకుతాయి.

ఈగ అంటే మన ఇంట్లో ఈగ అనుకోకండి, మిల్లీమీటరు, మిల్లీమీటరున్నర ఉంటుందంతే, దోసగింజలో సగం కూడా ఉండదు. చీమలు కంగారుపడినప్పుడు వదిలే వాసనని పట్టుకుని వస్తుంది. చీమ మీద ఒక్క క్షణం గాల్లో నిలబడి, ఠక్కున కిందికి దూకి, కొక్కెంలాంటి గొట్టంతో ఛాతీ భాగంలోకి గుడ్డు దించేసి వెళ్లిపోతుంది, సెకను కూడా పట్టదు. చీమకి ఒక్క గుడ్డే. పిల్లపురుగు పుట్టి మెల్లగా తలలోకి జరుగుతుంది, రెండు మూడు వారాలు అక్కడే కూర్చుని రసం తాగుతూ పెరుగుతుంది, ఆ చీమ మాత్రం మామూలుగానే తిరుగుతూ ఉంటుంది. చివర్లో, ఇంకొన్ని గంటల్లో అయిపోతుందనగా, గూడు వదిలి బయటికి నడుస్తుంది. పురుగు తలలో ఉన్నదంతా తినేసి, తలని ఒంటితో కలిపే పొరలు కరిగిపోయేలా ఒక రసం వదులుతుంది, తల ఊడి గడ్డిలో పడిపోతుంది. ఆ తల డొల్లే దానికి గూడు, నోటి భాగాలు పక్కకి తోసి అక్కడ ప్యూపాగా మారి, ఇంకో రెండు మూడు వారాలకి ఆ నోట్లోంచే ఈగగా బయటికొస్తుంది.

ఇది విన్నవాళ్లంతా అబ్బో ఇంకేం, చీమల పని అయిపోయినట్టే అంటారు, కానీ ఈగ వల్ల నిజంగా చచ్చే చీమలు నూటికి రెండో మూడో, అంతకంటే ఉండవు. అసలు పని చేసేది భయం. ఒక్క ఈగ వచ్చిందా, వరసలో పోతున్న చీమలు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి, కొన్ని ముడుచుకుంటాయి, మిగతావి మోస్తున్న తిండి అక్కడే పడేసి కన్నంలోకి పరుగో పరుగు. ఈగ అక్కడక్కడే తిరుగుతున్నంతసేపూ బయటికి రావు. ఈలోగా పక్కనున్న స్థానిక చీమ వచ్చి ఆ తిండి పట్టుకుపోతుంది. అంటే ఈగ చీమని చంపడం కంటే, మందు కొట్టి పోగొట్టుకున్న ఆ పోటీని మళ్లీ బతికిస్తుందన్నమాట. నాకు ఇది చాలా గొప్పగా అనిపించింది.

ఊరికే తెచ్చి వదిలెయ్యలేదు కూడా. ముందు క్వారంటైన్‌లో పెట్టి, స్థానిక చీమల జోలికి పోతుందా, పండ్లు మాంసం లాంటి తిండి మీద వాలుతుందా అని ఏళ్ల తరబడి చూశాకే 1997లో ఫ్లోరిడాలో ట్రైకస్పిస్ అనే రకాన్ని వదిలారు. పెంచడం ఇంకా కష్టం, ఎందుకంటే చీమలు నడుస్తూ ఉంటేనే ఈగ గుడ్డు పెడుతుంది, ఈగని చూస్తే చీమలు నడవవు. అందుకని ఫ్లోరిడాలోనే గెయిన్స్‌విల్ అనే ఊళ్లోని ల్యాబులో పెట్టెలో రెండు వైపులా కప్పులు బోర్లించారు, చీమలు ఒక కప్పు కింద దాక్కోగానే మోటారు దాన్ని పైకెత్తి రెండోది దించుతుంది, చీమలు అటు పరిగెడతాయి, ఇలా రోజంతా. తర్వాత కర్వాటస్, లిటోరాలిస్ లాంటివి కూడా కలిపి ఆరు రకాలు అక్కడ నిలదొక్కుకున్నాయి, ఒకటి చిన్న చీమని చూసుకుంటుంది, ఇంకోటి పెద్దదాన్ని, లిటోరాలిస్ అయితే పొద్దున్నే, సాయంత్రం వేళే ఎక్కువ. ఇన్ని చేసినా చీమ పోలేదు, ఎర మందులు, చీమకి వచ్చే రోగాలు కూడా దీనికి తోడుగా వాడుతున్నారు.

ఆ ఈగని మనకి తెప్పించమని నేను అనట్లేదు, అది మన జెమినాటాని దాదాపు పట్టించుకోదు. కానీ ఈ పద్ధతి మన దేశానికి కొత్తేం కాదు. 2008లో కోయంబత్తూరు దగ్గర బొప్పాయి పిండినల్లి బయటపడి తోటలకి తోటలు తెల్లగా బూజు పట్టినట్టు అయిపోతే, 2010లో ప్యూర్టోరికో నుంచి ఎసెరోఫాగస్ పపాయే అనే బుల్లి కందిరీగని బెంగళూరులోని వ్యవసాయ కీటకాల పరిశోధన సంస్థ తెప్పించి వదిలింది, మందులకి లొంగని పిండినల్లి దానికి లొంగింది.

మా వైపు జీడితోటల సంగతే నాకు దిగులు. మా బావగారితో సహా చాలామంది నేల మీద కుట్టే చీమ, చెట్టు మీద ఆకులు కుట్టి గూడు కట్టే చీమ, రెండూ ఎర్రగానే ఉన్నాయి కదా అని మొదళ్ల చుట్టూ ఒకటే పౌడర్ చల్లేస్తున్నారు. గింజలు ఏరేటప్పుడు చెట్టు చీమ కరుస్తుంది, నిజమే, ఆ బాధ తక్కువేం కాదు. కానీ కొత్త చిగురుని, పూతని పీల్చి మాడ్చేసే టీ దోమని చెట్టు మీద నిలవనివ్వంది ఆ చీమే. దయచేసి దాన్ని వదిలెయ్యండి. నేల చీమ గూడు దారిలో ఉంటే ఆ ఒక్క గూట్లోనే సలసలా మరిగే నీళ్లు పొయ్యండి, చీమలు పైకి వచ్చి ఉండే చల్లని పొద్దుటి పూట అయితే ఇంకా మంచిది, ఒక్కసారికి పోకపోతే మళ్లీ పొయ్యండి.